ముడి విప్పని పుస్తకం

ముసలాయన చర్చి కమాను రాళ్ల అతుకును గోరుతో గీరాడు. సున్నం తడిగా వేలికంటింది.

"కింద ఆనించిన కర్రలు తియ్యకండి. ఇంకా పచ్చిగా ఉంది."

పది రోజులుగా దక్షిణం నించి యూగో గాలి. సముద్రం మీది చెమ్మంతా తెచ్చి ఊరికి పూస్తోంది. చర్చి గోడలకు చెమట పట్టింది.

ఆ కమాను కట్టిన యెర్కో నవ్వాడు.

"దారి తప్పావా తాతా? సారా కొట్టు అటు."

"ఎవడ్రా అది?" అంటూ మేస్త్రుల సంఘం పెద్ద విట్స్కో వచ్చాడు. యెర్కో అతని అల్లుడే.

"మన సున్నం తాతకి నచ్చలేదట మామా."

"నువ్వు మేస్త్రివా?" అడిగాడు విట్స్కో.

"అవును."

"ప్రమాణం చేసిన పత్రం చూపించు."

"పత్రం లేదు. ప్రమాణం ఈ ఊళ్లోనే చేశాను."

"ఎవరి ముందు?"

"వాళ్లెవరూ ఇప్పుడు లేరు."

కూలీలు గొల్లుమన్నారు.

"అరవై ఏళ్ల సంఘం మాది," అన్నాడు విట్స్కో. " ప్రమాణం చెయ్యనోడు మా పనిలో నోరు పెట్టకూడదు. ఎల్లుండే సెయింట్ మార్టిన్ పండగ. బిషప్పుగారు దీని కిందనించే నడవాలి."

"నడవనీ. కర్రలుండగానే నడవనీ."

"గెంటండ్రా వీణ్ణి!"

ముసలాయన తగువు పడలేదు. బొగ్గుముక్క తీసి, కమాను అడుగురాయి మీద మూడు ముళ్ల చేప గీశాడు. గాలికి ఎదురు నడుస్తూ రేవుకేసి వెళ్లిపోయాడు.

"ఆకలేసిందేమో, చేప గీసుకున్నాడు!" అన్నాడు యెర్కో.

కర్రలు తీసేటప్పుడు కట్టినవాడు కమాను కింద నిలబడాలి. అది ఆచారం. యెర్కో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

మొదటి కర్ర తీశారు. రెండోది.

మూడోది కదలగానే అతని భుజం మీద సన్నగా ఇసుక రాలింది.

"మామా..." అన్నాడు.

అంతే అన్నాడు.

మార్టిన్ పండగనాడు చావుగంట మోగింది. మేస్త్రి ప్రమాణాన్ని యెర్కో సమాధి దగ్గర చదవాలన్నాడు కొత్త ఫాదరు.

విట్స్కో సంఘం పుస్తకం తెచ్చాడు. మూసిన అట్ట మీద చెయ్యి పెట్టి పెద్దలు చెప్పింది అనడమే అందరికీ తెలిసిన ప్రమాణం. యెర్కో అలాగే చేశాడు. విట్స్కో కూడా అంతే. లోపలిది చదివినవాడు లేడు.

పుస్తకానికి కట్టిన తాడు ముడి బిగుసుకుపోయింది. కత్తితో కోశారు.

ఫాదరు చదివాడు.

"తప్పు కనబడితే, నన్నడగకపోయినా చెబుతాను. వినకపోతే ఆ రాయి మీద నా గుర్తు పెట్టి వెళతాను."

"ఎవరు రాశారు ఫాదర్?" అడిగాడు విట్స్కో.

"సంఘం పెట్టినాయనే అట. పేరు లేదు."

ఫాదరు పుస్తకం అతని వైపు తిప్పాడు. పేరుండాల్సిన చోట మూడు ముళ్ల చేప ఉంది.