ఎడమ కాలు

బావమరిది బావగారి బూట్లను తిరగేసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు.

"చూడక్కా, మడమలు రెండూ సమానంగా అరిగాయి. కుంటివాడి బూట్లు ఇలా ఉంటాయా?"

"మీ బావని కుంటివాడని ఎవరన్నార్రా?"

"పోయినేడు స్టేషన్ దగ్గర నా కళ్ళారా చూశాను. ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు, పాపం!"

అక్క బూట్లు లాక్కుంది. "ఈ ఒక్క రోజుకి నోరు మూసుకో. మీ బావకి సన్మానం."

అదే బావమరిది కడుపుమంట. ఎవరింటికెళ్ళినా బావగారికి కుర్చీ వేసేవారు, తనని మాత్రం ఎప్పుడొచ్చావని కూడా అడిగేవారు కారు. ముప్ఫై ఏళ్ళుగా చెప్పుల కొట్లో జనం పాదాల దగ్గర కూర్చుంటున్నా, మనుషుల్ని మాత్రం పైనుంచి కిందికే చూసే రకం అతను.

లోపల బావగారు స్టూలెక్కి బల్బు మార్చి, చేతులు దులుపుకుంటూ చులాగ్గా కిందికి దిగారు. డెబ్భై దాటిన మనిషి!

"మావాళ్ళంతా వస్తున్నారట. నా నడక జాగ్రత్తగా చూసుకోవాలి," అన్నారు భార్యతో.

బావమరిది కిసుక్కున నవ్వాడు. నాటకాలవాళ్ళకి కూడా ఇంత శ్రద్ధ ఉండదనుకున్నాడు.

హాలు గేటు దాకా బావగారు మామూలుగానే నడిచారు. గేటు దాటగానే ఎడమ కాలు ఈడ్చడం మొదలుపెట్టారు. అక్క ఏమీ ఎరగనట్టు పక్కన నడిచింది. మొగుడికి తగ్గ పెళ్ళామే అనుకుని బావమరిది ముందు వరుసలో కూలబడ్డాడు.

వేదిక మీద అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"ఆ యుద్ధఖైదీల శిబిరంలో రోజూ పొద్దున్నే అందర్నీ వరుసగా నడిపించేవారు. క్వారీలో రాళ్ళు కొట్టడానికి పనికిరారనుకున్నవాళ్ళని లారీ ఎక్కించేవారు. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించలేదు. కానీ ఈ వీరుడు నాయకుడిగా ఉన్న షెడ్డు నుంచి ఒక్కరు కూడా లారీ ఎక్కలేదు! ఎలా కాపాడారో ఈనాటికీ ఆయన నోరు విప్పలేదు."

"విప్పడానికి ఏముంటేగా," అన్నాడు బావమరిది అక్క చెవిలో. "షెడ్డంతా ఖాళీ చేస్తే రాళ్ళెవరు కొడతారని వాళ్ళే వదిలేసుంటారు. అయినా అప్పటికే కుంటివాడైతే, మొట్టమొదట లారీ ఎక్కేది ఈయనేగా! అంటే ఈ కుంటితనం తర్వాత మొలిచిందన్నమాట."

అక్క అతని వంక అసహ్యంగా చూసి మొహం తిప్పుకుంది.

పేరు పిలిచారు. బావగారు కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు బావమరిదికి భరించరానివయ్యాయి. మెట్ల దగ్గరికి ఉరికాడు.

"ఆయన్ని తిన్నగా నడవమనండి! పొద్దున స్టూలెక్కి బల్బు మార్చాడు. కాలికేం లేదు. ఇదంతా దొంగ నాటకం!"

చప్పట్లు ఆగిపోయాయి. అధ్యక్షుడు పతకం పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"నిజమేనా అండీ?"

"నిజమే. నా కాళ్ళు బాగానే ఉన్నాయి," అన్నారు బావగారు.

"మరి ఎందుకండీ ఇలా..."

బావగారు చివరి వరుస వైపు చూశారు. అధ్యక్షుడు పతకాన్ని మెల్లగా డబ్బాలో పెట్టేశాడు. వెనక నుంచి ఎవరో "ఛీ" అన్నారు. ఇన్నేళ్ళకి తన కడుపు చల్లబడిందనుకున్నాడు బావమరిది.

అంతలో చివరి వరుసలో నలుగురు ముసలివాళ్ళు లేచారు. ఒకరి వెనక ఒకరు వేదిక వైపు వచ్చారు. నలుగురూ ఎడమ కాలే ఈడుస్తున్నారు.

బావమరిది పగలబడి నవ్వాడు. "ముఠా మొత్తం దిగింది! అందరూ ఒకే బళ్ళో నేర్చుకున్నట్టున్నారు!"

వాళ్ళలో ఒక్కరు కూడా అతని వైపు చూడలేదు. ముందు నడుస్తున్నాయన మాత్రం అధ్యక్షుడితో, "ఆ శిబిరంలో పొద్దున్నే వరుసలో మేమంతా ఇలాగే నడిచేవాళ్ళం బాబూ," అన్నాడు.

వరుసగా మెట్లెక్కసాగారు. కింద నిలబడ్డ బావమరిది కళ్ళు అలవాటు కొద్దీ పైకి లేస్తున్న బూట్ల మీద పడ్డాయి. మొదటి జత మడమలు సమానంగా అరిగాయి. రెండోవీ అంతే. మూడోవీ అంతే.

నాలుగో ఆయన ఎడమ మడమ మాత్రం ఒక పక్కకి పూర్తిగా అరిగిపోయింది.