గుండెకు అతుకు

"కుదరదు సార్. ఈ అతుకు ఆపరేషన్‌కి పంపను."

తనిఖీ మేడం మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అంది. వెనకాల అందరూ ఆమెను 'కుదరదమ్మ' అంటారు. ఆమె సంతకం లేనిదే, జబ్బుపడ్డ గుండెలకు కుట్టే అతుకుల కోసం ఆ ల్యాబులో పెంచిన కణాల్లో ఒక్కటి కూడా గడప దాటదు.

పెద్దసారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ల్యాబుకు పెద్ద ఆయనే. ఆమెకు ఈ విద్య నేర్పిందీ ఆయనే.

"ఏం తప్పు కనబడిందమ్మా?"

"మీరే చూడండి. కణాల కింద పరుపులా వేసిన జెల్ ఉండాల్సిన దానికంటే గట్టిపడిపోయింది. దాని మీద పెరిగిన గుండె కణాలన్నీ సాగిపోయాయి. కేంద్రకాలు కాలికింద పడ్డ మట్టిముద్దల్లా అణిగిపోయాయి."

ఆయన చూడలేదు. "మెత్తటి గుండె మీద కుట్టాక అవే సర్దుకుంటాయిలే."

"సర్దుకోవు సార్. కణం తను పెరిగిన నేలను ఓ పట్టాన మరిచిపోదని పాఠం చెప్పింది మీరేగా! కేంద్రకం ఇన్నాళ్ళు అణిగి ఉంటే లోపల జన్యువులు పనిచేసే తీరే మారిపోతుంది. ఇవి కొట్టుకునే కండ కావు, గట్టి మచ్చ అవుతాయి. ఇంకో అతుకు పెంచుదాం. మూడు వారాలు చాలు."

"మూడు వారాలు ఆగే గుండె కాదది."

"అందాకా మందులతో నెట్టుకు రావచ్చని రోగి ఫైల్లో డాక్టర్లే రాశారు."

పెద్దసారు బల్ల మీది ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ ఫైలు మీద నంబరే ఉంటుంది కదూ? పేరుండదు."

"ఉండకూడదు కదా సార్."

"దానికి తొమ్మిదేళ్ళమ్మా. మా చిన్నది."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. పాపకు ఒంట్లో బాగుండటం లేదని తెలుసు. ఇంతదాకా వచ్చిందని తెలీదు.

"మూడు మెట్లెక్కితే పెదాలు నీలం తిరుగుతున్నాయి. 'నాన్నా, రేపటితో బాగైపోతానుగా' అని పొద్దున్నుంచీ ఒకటే అడగడం. రేపు ఆపరేషన్ లేదురా తల్లీ అని ఏ నోటితో చెప్పను? నీకు దణ్ణం పెడతాను."

దణ్ణంతో ఆగలేదు. వంగి ఆమె పాదాలందుకోబోయాడు. ఆమె ఉలిక్కిపడి లేచి ఆయన భుజాలు పట్టుకుంది. తనకు కణమంటే ఏమిటో చూపించిన మనిషి, పసివాడిలా వెక్కుతున్నాడు.

ఆమె మరోసారి మైక్రోస్కోపులోకి చూసింది. కణాలు అలాగే ఉన్నాయి. కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టేసింది.

ఆపరేషన్ అయిన వారానికి పాప లేచి కూర్చుంది. ల్యాబంతా సంబరపడింది. నాలుగో వారానికి అతుకు వేసిన చోటు చెక్కలా బిగుసుకోవడం మొదలైంది. మందులు పనిచేయలేదు, రెండోసారి కోయడానికి ఒంట్లో శక్తి లేదు. ఆరో వారం పాప పోయింది.

పన్నెండో రోజు దాటాక పెద్దసారు ల్యాబుకొచ్చాడు. గడ్డం మాసిపోయింది, చొక్కా వేరే మనిషిదిలా వేలాడుతోంది. ఎవరినీ పలకరించకుండా తిన్నగా ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"సార్..." అందామె. కుర్చీలోంచి లేచింది.

ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

"నేనంటే కన్నతండ్రిని, కాళ్ళావేళ్ళా పడతాను. కళ్ళారా చూసినదానివి... నువ్వెలా ఒప్పుకున్నావమ్మా?"