పైకెక్కే మనిషి

“అంటే, ఇక పైకెక్కే మనిషే అక్కర్లేదంటావా అక్కా?”

తమ్ముడి గొంతు ఆ చిన్న ఆఫీసు గదికి మరీ పెద్దదైపోయింది. అక్క కంప్యూటరు మీంచి చూపు తిప్పలేదు.

“అరవకురా. ముందు ఇది చూడు.”

తెర మీద, సోలార్ కావాలన్న టైలరమ్మ ఇల్లుంది, పైనుంచి పక్షి చూసినట్టు. అక్క చిరునామా కొట్టిందంతే. కప్పు అంచులు వాటంతటవే గీసుకున్నాయి. చెట్టు నీడ పొద్దుతోపాటు జరిగింది. సోలార్ ప్యానెళ్లు ఒక్కొక్కటే వచ్చి పేకముక్కల్లా సర్దుకున్నాయి.

“చూశావా? టీ చల్లారేలోగా డిజైన్ అయిపోయింది. నిచ్చెన లేదు, టేపు లేదు, ఎవరి కాలు జారుతుందోనన్న బెంగ లేదు.”

ఇళ్ల మీద సోలార్ బిగించే పని వాళ్లది. తమ్ముడు వెళ్లి కప్పుల కొలతలు తెస్తాడు, అక్క డిజైన్ గీస్తుంది. ఇన్నాళ్లూ కాగితం లెక్కలతోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు రెండు సాఫ్ట్‌వేర్లు తెచ్చి వాడి చూస్తున్నారు, అందులో ఒకటే కొనాలి. అక్క మెచ్చిన దానికి ఆకాశం నుంచి తీసిన ఫొటో ఉంటే చాలు. తమ్ముడు పట్టుబట్టిన దానికి మాత్రం ఒక మనిషి ఫోను పట్టుకుని కప్పెక్కాలి, మూలమూలా ఫొటోలు తీయాలి.

“ఆ ఫొటో ఏ కాలంలో తీసిందో ఎవరికి తెలుసు? ఆకాశంలో ఉన్నదానికి ఇంటి గుట్టు ఏం తెలుస్తుందక్కా?”

“గుట్టు సంగతి సరే. నువ్వు నిచ్చెనెక్కిన ప్రతిసారీ ఇక్కడ నా గుండె గుప్పిట్లో ఉంటోంది. నీకేమన్నా అయితే మరదలికి నేనేం జవాబు చెప్పాలి?”

తమ్ముడు కిటికీలోంచి కిందికి చూశాడు. అతని భార్య బండికి నిచ్చెన కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూస్తోంది. సర్వేకి వెళ్లినప్పుడల్లా నిచ్చెన పట్టుకోవడానికని తోడు వెళ్తుంది.

“ఒక పని చేద్దాం,” అన్నాడు. “అదే ఇల్లు నేను ఫోనుతో సర్వే చేసుకొస్తా. నీ తెరకీ నా ఫోనుకీ తేడా లేకపోతే ఇక నోరెత్తను.”

“తేడా వస్తే?”

“మనిషి ఎక్కాల్సిందేనని నువ్వే అనాలి.”

“అంటాలే, వెళ్లు.”

సాయంత్రానికి తిరిగొచ్చాడు. మరదలు కిందే ఆగిపోయింది. ఫోనులోని ఫొటోలు కంప్యూటరులోకి ఎక్కాయి. ముక్కకు ముక్క అతుక్కుని, టైలరమ్మ ఇంటి కప్పు తెర మీద మళ్లీ తయారైంది. కొలతలు దాదాపు కలిశాయి. అక్క నవ్వబోయి, ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది.

వెనక మూల స్లాబు చెమ్మ పట్టి ఉబ్బి ఉంది. పగులు అడ్డంగా పాకింది. ఓ చోట పెచ్చు ఊడి, తుప్పు పట్టిన ఊచ బయటపడింది. ఆకాశం ఫొటోలో అదంతా ఒక మసక మచ్చ. నీడేమో అనుకుని వదిలేసింది. ఆ మచ్చ మీదే తన సాఫ్ట్‌వేరు ఒక వరస ప్యానెళ్లు పరిచింది.

“ఆ మూల కింద ఏముంది?” అడిగింది మెల్లగా.

“కుట్టుమిషన్లు. టైలరమ్మ పొద్దస్తమానం కూర్చునేది అక్కడే.”

ఆ బరువంతా మోసే కప్పునూ, దాని కింద తలొంచుకుని కుడుతున్న మనిషినీ ఊహించుకుని, అక్క ఆ వరస ప్యానెళ్లను చెరిపేసింది.

“నీ మాటే నెగ్గిందిరా. మనిషి ఎక్కాల్సిందే. నువ్వు చెప్పిందే కొందాం.”

తమ్ముడి ముఖం వెలిగిపోయింది. అక్క ఆ పగులు ఎంతదాకా పాకిందో చూద్దామని ఫొటోను పెద్దది చేసింది. అంచున ఒక నీడ కనబడింది.

నీడలు చదవడం ఆమెకు వృత్తి. చెట్టుదో, ట్యాంకుదో, పక్కింటి గోడదో తేల్చుకోకుండా ఒక్క ప్యానెల్ కూడా పెట్టదు. ఈ నీడ వాటిలో దేనిదీ కాదు. ఏటవాలు ఎండలో పొడుగ్గా సాగిన మనిషి నీడ. ఫొటో తీస్తున్న మనిషిది.

అక్క కుర్చీ వెనక్కి తిప్పింది.

“తమ్ముడూ, నీకు జడ ఎప్పుడు పెరిగిందిరా?”

తమ్ముడు తల దించుకున్నాడు.

“నేను ఎక్కి చాన్నాళ్లయిందక్కా. ఒకరోజు నిచ్చెన సగంలో కళ్లు తిరిగాయి. ఆ తర్వాత రెండో మెట్టు దాటితే చాలు, కాళ్లు వణుకుతాయి. ఆ రోజు నీ మరదలే నన్ను దింపి, నా చేతిలో టేపు లాక్కుని పైకెళ్లింది. అప్పట్నుంచీ తనే ఎక్కుతోంది. నిచ్చెన పట్టుకునేది నేను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఇద్దర్నీ ఆపేస్తావని.”

అక్కకు కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు. “ఒరేయ్, ఎక్కడమంటేనే నీకు కాళ్లు వణుకుతుంటే నా సాఫ్ట్‌వేరు నీకు వరం కదరా! ఈ తెర ముందు కూర్చుని హాయిగా పనిచేసుకునేవాడివి. నీ ఉద్యోగం నేనెక్కడికి పోనిస్తాను? మరి నాతో అంత పోట్లాట దేనికి?”

తమ్ముడు కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద అతని భార్య చేతులకంటిన సున్నం దులుపుకుంటూ, ఎదుటి మేడ కప్పును కళ్లతోనే కొలుస్తోంది.

“నా ఉద్యోగం కోసం కాదక్కా,” అన్నాడు. “తన ఉద్యోగం కోసం.”