ఇటలీ పూటకూళ్లమ్మ

చోడవరం శాకాహార హోటల్లో తమ పేటవాళ్లను కూర్చోబెట్టే పెరటి అరుగు మీద, దేవదానం తన భార్య విస్తట్లో మజ్జిగన్నం కలిపాడు. పచ్చకామెర్ల పథ్యంలో ఉన్న కృపామణి రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేసింది.

“తినవే. యుద్ధానికెళ్లినపుడు ఇటలీలో నాకూ ఇదే రోగమొచ్చింది. మాంసం వొద్దని సైగ చేసేను. పూటకూళ్ల ముసలమ్మ సేమియాలాటిది ఉడకబెట్టి, టమాటా గుజ్జు కలిపి పెట్టింది. అంతా తిన్నాను.”

ఈ కథ పేటలో పిల్లలందరికీ కంఠతా వచ్చు. కృపామణి మాత్రం ఎప్పుడూ అడగనిది అడిగింది.

“ఎక్కడ కూకోబెట్టింది?”

“లోపలే. బల్ల కాడ, ఆళ్లందరితోటీ.”

“కులమేటని అడగనేదా?”

“ఆకలేస్తందా అని సైగ చేసింది. అంతే.”

లోపల తిన్నవాళ్లు విస్తళ్లు వదిలేసి చేతులు కడుక్కుంటున్నారు. సర్వరు వాటిని ఎత్తుతున్నాడు. కృపామణి అటే చూస్తోంది.

“మరి నీ కంచం ఎవరు తీసేరు?”

“ఆవిడే.”

గుమ్మంలోకి హోటలాయన వచ్చాడు. “ఒరే దేవదానం, ఆకెత్తేసి, అరుగు కడిగెళ్లు.”

“అలాగే బాబూ.”

లేవబోయిన భార్యను ఆపి, దేవదానం అన్నంతో సహా ఆమె విస్తరి మడిచాడు.

“ఆ ఇటలీ కథ,” అంది కృపామణి మెల్లగా, “పిల్లలకి ఇంక సెప్పకు.”