పసుపు ఆరని మెట్లు

1979లో తిరుపతి ఫొటోగ్రాఫర్ సుదర్శనం మెట్లపూజ ఫొటోలు తీయడానికి అలిపిరి మెట్లదారి పట్టాడు. చీకటి పడేసరికి జనం పలచబడ్డారు. ఒక ముసలామె మాత్రం ప్రతి మెట్టుకూ వంగి, తడిపసుపు పూసి, కుంకుమ పెడుతూ ఎక్కుతోంది. మూడు వేలకు పైగా మెట్లున్నా ఒక్కటీ తప్పించడం లేదు. ఆ ఓపిక చూసి సుదర్శనానికి ఒళ్లు పులకరించింది. పసుపు తొక్కకుండా మెట్ల అంచునే నడుస్తూ ఫొటోలు తీశాడు.

“యాడినించి వచ్చినావు అవ్వా? ఒక్కదానివే ఎక్కతా ఉండావే?”

“కార్వేటినగరం నాయనా. ఒక్కదాన్నే కాదు. ఈ మొక్కు మావోడిది. వాడు నా వెనకాలే వస్తా ఉండాడు.”

సుదర్శనం వెనక్కి తిరిగాడు. దారిలో ఎవరూ లేరు. ఆకు కూడా కదలడం లేదు. కరెంటు దీపం వెలుగులో కింది మెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ప్రతి మెట్టు మీదా పసుపులో ఒక పాదం ముద్ర ఉంది. చివరి ముద్ర అతను నిలబడ్డ మెట్టుకు సరిగ్గా ఒక మెట్టు కింద ఆగింది.

“రవంత జరుగు నాయనా, వానికి దావ ఇయ్యి,” అంది అవ్వ, చేతిపని ఆపకుండా.

సుదర్శనం పక్కగోడకు ఒదిగాడు. కెమెరా ఎత్తలేదు. చేతులు జోడించాడు. అతని పాదాల పక్కన తడిపసుపు మెల్లగా నలిగింది.