నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా

మౌ చాంగ్‌షుయ్ సువోనా ఊదితే మూడూళ్ల అవతల గాడిదలు తాళ్లు తెంపుకుని పరిగెత్తేవి. షాన్‌డాంగ్ సీమలో ఏ పెళ్లయినా, ఏ చావయినా అతని ఇత్తడి మూతి సన్నాయి లేకుండా జరిగేది కాదు. సరే, గాడిదలు కాదు, గాడిద. అదీ ముసలిది. తాడు ముందే పుచ్చిపోయి ఉంది.

ఆ మౌకి ఇప్పుడు పట్నం ఆర్కెస్ట్రాలో కుర్చీ కావాలి. వీపు ఆనించుకునే కుర్చీ, నెలనెలా జీతం, మంచులో పల్లకి ముందూ శవపేటిక వెనకా నడవక్కర్లేని బతుకు. శనివారం కచేరీ కుదిరితే ఇస్తానన్నాడు పాంగ్ మాస్టారు. ఆయన షాంఘైలో పుట్టి వియన్నాలో చదివిన కండక్టరు. టిక్కెట్లు కొట్టే రకం కాదు, పుల్ల ఊపే రకం.

"కలవాలయ్యా, కలవాలి! నా వయొలిన్ల మధ్య నీ కూత ఎలా ఉందో తెలుసా? పసిపిల్ల నిద్రపోతున్న గదిలో కోడిపుంజు దూరినట్టుంది."

మౌ సన్నాయి మూతిలో మేజోడు కుక్కాడు. "ఇప్పుడు మాస్టారూ?"

"ఇప్పుడు పుంజుకి మేజోడు తొడిగావు, అంతే."

వయొలిన్ల వాళ్లు కిసుక్కున నవ్వారు. మౌ చెవులు ఎర్రబడ్డాయి.

"నెమ్మదిగా ఊదు. ఇంకా నెమ్మదిగా. సాగదీయి."

సాగదీశాడు. కలిసిపోయింది! సన్నాయి ఎక్కడ ఆగిందో, వయొలిన్లు ఎక్కడ అందుకున్నాయో తెలియలేదు. మాస్టారు కళ్లు మూసుకుని తల ఊపాడు.

ఇంట్లో సాధన చేస్తుంటే భార్య ఫెంగ్‌యింగ్ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏమయ్యా, అది పెళ్లికూతుర్ని తెచ్చే పాట కదూ?"

"అదే."

"గబగబా ఊదితే పెళ్లిపాట. ఇట్టా ఈడ్చి ఊదితే శవపేటిక లేపే పాట. ఆ మహానుభావుడికి చెప్పావా?"

"చెబితే కుర్చీ పోతుందే."

"పోయి పోయి ఈ శనివారం పూటా?"

"ముందు నీ రొట్టెలు చూసుకో, మాడుతున్నాయి."

శనివారం హాలు కిటకిటలాడింది. ఖర్చంతా వేరుశనగ నూనె మిల్లు యజమాని గువాన్‌ది. వచ్చిన వాళ్లందరికీ గుమ్మం దగ్గరే పొడుగాటి నూడుల్సు, పీచ్ పండులా ఒత్తిన తీపి ఆవిరి రొట్టెలు. మాస్టారు పుల్ల ఎత్తాడు. మౌ కుర్చీని తలుచుకుని ఊదాడు, నెమ్మదిగా.

మొదట వెనక వరుసల్లో ముక్కులు చీదడం వినిపించింది. తర్వాత మధ్య వరుసల్లో. తండ్రిని సాగనంపినప్పటి అలవాటు చొప్పున గువాన్ కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద పడ్డాడు. పక్కనే తమ్ముళ్లూ పడ్డారు. హాల్లో అందరూ భోరుమన్నారు.

మాస్టారు కళ్లు తుడుచుకుంటూ మౌ చెవి దగ్గరికి వంగాడు. "చూశావా, కలవడమంటే ఇదీ! కుర్చీ నీదే పో."

హాల్లో అందరూ ఏడ్చారన్నది మాత్రం నా కల్పన: ముందు వరుసలో గువాన్ వాళ్లమ్మ ఏడవలేదు, ఎందుకంటే ఆ కచేరీ పెట్టించిందే ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజుకి.