ఆరు సెకన్ల ఖాళీ

టక్.

పక్కగది వైపు గోడ మీద ఎవరో వేలితో కొట్టారు.

రేడియోమ్మ ఉలిక్కిపడింది. సౌండు బాగా తగ్గించి, తను వింటున్న రికార్డింగులో అదే ముక్క మళ్లీ వేసింది.

టక్.

సరిగ్గా అదే చోట!

అయితే సౌండు ఎక్కువైందని కాదన్నమాట. వింటున్నాడు!

రేడియోమ్మ అన్నది ఇంటి ఓనరు పిన్నిగారు పెట్టిన పేరు. కళల మీదా, ఊరి సమస్యల మీదా రేడియోకి కార్యక్రమాలు చేసి ఇస్తుంది. ఉద్యోగం కాదు, ఫ్రీలాన్స్. అంటే ఎవరి కిందా పనిచెయ్యక్కర్లేదు, అందరి చుట్టూ తిరిగితే చాలు. ఎనిమిదేళ్లు అలా తిరిగాక ఓ స్టేషన్ వాళ్లు పిలిచి శుక్రవారం అరగంట ఇచ్చారు. ఆర్నెల్లు చూస్తామన్నారు. ఈ వారంతో ఆర్నెల్లూ పూర్తి. ఇది బాగుంటే ఏడాది కాంట్రాక్టు, లేకపోతే మళ్లీ తిరుగుడే.

ఇంట్లోనే పని. బయటి చప్పుడు రాకుండా తలుపుకి పరుపు, కిటికీకి దుప్పట్లు. పక్కగదికీ తనకీ మధ్య ఉన్నది మాత్రం పలచటి చెక్క గోడ. ఆ గదిలోకి పోయిన నెలే ఓ పెద్దాయన దిగాడు.

పోయిన నెలే ఇంకోటి కూడా జరిగింది. ఆమె రెండు నెలలు చచ్చీచెడీ తయారుచేసిన బొమ్మలు చెక్కేవాళ్ల కథని, వేరే ప్రొడ్యూసరు ముందే చేసేశాడు.

రెండూ కలిపి చూసుకుంది. ఇంకేముంది, దొంగ దొరికాడు!

మర్నాడు మెట్ల మీద ఎదురుపడితే అడిగేసింది.

"ఏమండీ, మా గోడ ఎందుకు కొడుతున్నారు?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "వినపడితే చెయ్యి ఊరుకోదమ్మా."

"అంటే వింటున్నారు!"

"అక్కడ ఆ ఊడ్చే ఆవిడ మాట్లాడకుండా ఆగింది కదా. ఆరు సెకన్లు. మొన్న ఉంది, నిన్న లేదు."

రేడియోమ్మకి ఒళ్లు మండింది. సెకన్లతో సహా లెక్కపెడుతున్నాడు మహానుభావుడు!

నిజమే, తీసేసింది. ఊళ్లో పాత నాటకశాల అమ్మేస్తున్నారు. దాన్ని ముప్పై ఏళ్లుగా ఊడుస్తున్న ఆవిడ, తనుండే వెనక గది ఖాళీ చేస్తానని కాగితం మీద సంతకం పెట్టింది. "ఇష్టపడే పెట్టారా?" అని అడిగితే, చాలాసేపు ఆగి, "ఇష్టపడే పెట్టానమ్మా" అంది. మాటల మధ్య ఖాళీ కనిపిస్తే కత్తిరించెయ్యటం రేడియోమ్మకి అలవాటు. వినేవాళ్లు స్టేషన్ మార్చేస్తారని ఆమె భయం.

"ఆ ఆరూ ఉంచమ్మా" అన్నాడాయన. చేతిలో నోటుబుక్కు. తెరిచి ఉన్న పేజీలో ఆ ముక్క వచ్చే నిమిషం రాసి ఉంది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు. నేనే..." అని ఆయన ఆగాడు.

ఆ ఆగటాన్ని కూడా ఆమె ఉండనివ్వలేదు. "చాలు, అర్థమైంది!" అని విసవిసా వెళ్లి పిన్నిగారి ముందు నిలబడింది.

"పిన్నిగారూ, ఆయనుంటే నేనుండను."

"నోట్లో నాలుక లేని మనిషే, పాపం. ఏం చేశాడు?"

"నా పని దొంగిలిస్తున్నాడు."

"ఈ వయసులో ఆయనకెందుకే నీ పని?"

"నన్నడుగుతారేం? ఆయన్నే అడగండి!"

పిన్నిగారు అడగలేదు. ఎనిమిదేళ్లుగా ఉంటున్న మనిషిని వదులుకోలేక, గది ఖాళీ చెయ్యమని ఆయనకే చెప్పింది. రెండోరోజు ఆయన ఓ పెట్టె, ఓ సంచీ సర్దుకున్నాడు. ఎక్కడికో చెప్పలేదు. వెళ్లేముందు, ఆమె ఆ ముక్క వింటున్నప్పుడు, గోడ మీద మళ్లీ టక్.

"పీడ విరగడైంది" అనుకుంది రేడియోమ్మ.

ఆ సాయంత్రమే ఆ వేరే ప్రొడ్యూసరు ఫోన్ చేశాడు. "బొమ్మలవాళ్ల సంగతి క్యాంటీన్లో భలే చెప్పారండీ ఆరోజు. మీవల్లే చెయ్యగలిగాను, థాంక్స్!"

ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. కానీ తియ్యటానికి టైం ఏదీ? రేపే శుక్రవారం.

కార్యక్రమం గుర్రంలా పరిగెత్తింది. ఎక్కడా ఖాళీ లేదు.

శనివారం పొద్దున్నే నాటకశాల ఊడ్చే ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నేనంత గబుక్కున చెప్పానా?"

రేడియోమ్మ కుర్చీ జరిపింది. ఆవిడ కూర్చోలేదు.

"బెదిరించి సంతకం పెట్టించారని నాటకశాల కమిటీ వాళ్ల కాళ్లు పట్టుకుందామనుకున్నా. ఇప్పుడు వాళ్లే నవ్వుతున్నారు, రేడియోలో హాయిగా ఒప్పుకున్నావుగా అని. నేనెక్కడికి పోనమ్మా?"

సోమవారం స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది.

స్టేషన్ పెద్ద మేడమ్, ఆమెతో తెప్పించిన అసలు రికార్డింగు ఒకసారి విన్నది. తర్వాత ప్రసారమైంది వేసింది. సరిగ్గా ఆ చోట పెన్ను మూతతో బల్ల మీద కొట్టింది.

టక్.

రేడియోమ్మ చటుక్కున ఆ పెన్ను మూత వైపు చూసింది.

"ఏంటండీ అది?"

"మా స్టేషన్ అలవాటు లెండి. బయటినుంచి చేసేవాళ్లు, మీకు తెలియదు. ఎవరైనా తప్పుగా కట్ చేస్తే స్టూడియో అద్దం మీద ఒక్క దెబ్బ. మా గురువుగారు నేర్పారు. ఎవర్నీ నోరెత్తి ఒక్క మాట అనేవారు కాదు. మీకిచ్చిన శుక్రవారం అరగంట ముప్పై ఏళ్లు చేసింది ఆయనే."

"ఆయన... ఎక్కడుంటారు?"

"అదేంటండీ! కాంట్రాక్టు ఇక ఇవ్వలేమని ఆయనకెలా చెప్పాలా అని నేను సతమతమవుతుంటే! 'ఆ అమ్మాయికి మంచి చెవి ఉంది, ఓపికే లేదు, అది నేను చూసుకుంటా' అని ఆర్నెల్ల కిందట తన అరగంట మీకు వదిలేసి, పోయిన నెల మీ పక్కగదిలోనే దిగారు కదా, కనపడలేదా మీకు?"